అటకెక్కిన స్కాచి

మా సత్తిబాబు బావ సాయంత్రం వస్తున్నాడని తెలియగానే మా ఆవిడ చేమదుంపలు ఉడకేసింది, నేను ముఖం గంటు పెట్టుకుని కూర్చున్నాను. నాకు డెబ్బై దాటాయి. పొద్దున్న లేస్తే బీపీకో మాత్ర, షుగరుకో మాత్ర. నలుగురికీ నీతులు చెప్పే వయసు. అయినా ఆ పేరు చెవిన పడితే చాలు, ఇప్పటికీ కడుపులో భగ్గుమంటుంది. ఆయన మా మేనత్త కొడుకు. నాకంటే కాస్త పెద్ద. కుర్రతనంలో ఓడల మీద ఇంజను గదిలో పనిచేసి, దేశాలన్నీ తిరిగి వచ్చిన మనిషి. ఇవేవీ నేరాలు కావు. మా నాన్నగారు నన్ను పక్కన పెట్టి ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు. నా దృష్టిలో అదీ నేరం, అందులో శిక్ష పడింది మాత్రం నాకు.

ఫోన్లో కుశలప్రశ్న కూడా లేదు. "ఒరే బామ్మర్దీ, విశాఖపట్నంలో పాత ఓడ స్నేహితుడొకడు బోర్బన్ సీసా ఇచ్చేడ్రా. తీసుకొస్తన్నాను. నీ స్కాచి నువ్వు తాగు, నా బోర్బన్ నేను తాగుతాను" అని పెట్టేశాడు. నేను ఫోను బల్ల మీద గట్టిగానే పడేసినట్టున్నాను, మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసింది. "పెద్దాళ్ళయిపోయేరు, ఇంకా ఏంటండీ ఆయన మీద ఈ ఏడుపు?" అంది. "నాకేం ఏడుపు?" అన్నాను. "అబ్బో" అని మళ్ళీ దుంపల తొక్కలు తీసుకోవడంలో పడిపోయింది.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. రెండూ విస్కీలే, రంగు చూస్తే రెండూ డికాషన్లే. స్కాచి చేసేది బార్లీతో. కొన్నిచోట్ల ఆ గింజని పొగ మీద ఆరబెడతారు, అందుకని గొంతు దిగేటప్పుడు పొగ తగులుతుంది. బోర్బన్ అమెరికావాళ్ళది. మొక్కజొన్నతో చేసి, లోపలంతా కాల్చిన కొత్త చెక్క పీపాల్లో ఊరబెడతారు, దానివల్ల అదో తియ్యదనం వస్తుందంటారు. నేను స్కాచి మనిషిని. ఆదివారం సాయంత్రం ఒక్క పెగ్గు, అందులో చల్లనీళ్ళు కాసిని, అంతే. స్నేహితుల మధ్య బోర్బన్ మాట వస్తే "అది మందేంటండీ, పానకం" అని తీసిపారేసేవాణ్ణి. స్కాచి గురించి గంటసేపు మాట్లాడగలను, దాని పొగ మీద వ్యాసం కూడా రాశాను ఒకప్పుడు. కానీ బోర్బన్ మొన్నటిదాకా నేను నోట పెట్టి ఎరగను. తాగకుండానే దాన్ని అసహ్యించుకున్నాను. బావ తెచ్చాడు, నాన్నగారు మెచ్చుకున్నారు. నాకు అంతకంటే కారణం అక్కర్లేకపోయింది.

మాది ముక్తేశ్వరం పక్కన ఊరు. కొబ్బరితోట మధ్య ఇల్లు, ఇంటి వెనక కాయల కొట్టు. చెట్ల మీంచి కాయలు దింపు తీసిన రోజున వాకిలి నిండా రాశులు పోసేవారు, ఒలిచేవాళ్ళు గునపాలు పాతుకుని కూర్చునేవారు, పీచు ధూళికి మా అమ్మ తుమ్ముతూ తిట్టుకుంటూ తలుపులన్నీ మూసేసేది. ఆ రాశుల్లోంచి బాగా ముదిరిన కాయలు నాన్నగారు స్వయంగా ఏరి, ఒలవకుండా కొట్టులో అటక మీదికి ఎక్కించేవారు. అవి కురిడీకి. కింద అప్పుడప్పుడూ ఒలిచిన పీచు డొక్కలు రాజేసి సన్నగా పొగ పెట్టేవారు. నెలల తరబడి ఆ చీకట్లో కాయలోని నీళ్ళు మెల్లగా ఇంకిపోయి, కొబ్బరి ఎండి చిప్పని వదిలేసి లోపల గుండులా నిలుస్తుంది. పచ్చికాయని ఊపితే నీళ్ళు తొణుకుతాయి, కురిడీని ఊపితే గలగలమంటుంది. నాన్నగారు పొద్దున్నే కాఫీ తాగి, నిచ్చెన ఎక్కి, ఒక్కో కాయా చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసేవారు. "ఇంకా పచ్చిదే" అని మళ్ళీ పెట్టేసేవారు. కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డ నాకు ఆ కొబ్బరికాయల మీద కూడా కుళ్ళుగా ఉండేది. నా మాట ఆయన అంత శ్రద్ధగా ఎప్పుడూ వినలేదు.

నాన్నగారు తాగుడు మనిషి కాదు. బావ ఓడ దిగి వచ్చిన రోజుల్లోనే ఆ సరదా. ఆ రోజు తోటలోంచి తొందరగా వచ్చేసి, నూతి దగ్గర స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని వెనక వసారాలో పడక్కుర్చీ వేసుకునేవారు. పక్కన బావకి ముక్కాలిపీట. మా అమ్మకి ఆ వాసన గిట్టదు. ఆ గ్లాసులు వేరు, వంటింటి గడప దాటి రానిచ్చేది కాదు, నూతి దగ్గరే బూడిద పెట్టి తోమించేది. అయినా మేనల్లుడి ముఖం చూసి చేమదుంపల వేపుడూ పచ్చికొబ్బరి ముక్కలూ పళ్ళెంలో పెట్టి గడప దాకా తెచ్చి, "సత్తిబాబూ, మీ మావయ్యకి రెండోది పొయ్యకు నాయనా" అనేది. "ఆయ్, అలాగే అత్తయ్యా" అనేవాడు. అమ్మ వెనక్కి తిరగ్గానే పోసేవాడు.

నేను అటువైపు వెళ్తే నాన్నగారు గొంతు మార్చి, "నీకు పరీక్షలు కదురా, వెళ్ళి చదువుకో" అనేవారు. పరీక్షలు అయిపోయినా అదే మాట. నేను గదిలో లాంతరు ముందు పుస్తకం తెరుచుకుని, కిటికీలోంచి వచ్చే నవ్వులు వింటూ కూర్చునేవాణ్ణి. "ఓరి తస్సాదియ్యా, నిజంగానే అన్నాడేంట్రా కెప్టెను!" అని నాన్నగారు పగలబడి నవ్వేవారు. ఆ నవ్వు నా ఎదుట ఒక్కనాడూ నవ్వలేదు. నాతో మాట్లాడితే ఫీజు కట్టావా, చొక్కా ఇస్త్రీ చేయించుకున్నావా, అంతే. అప్పటి పద్ధతి అది. మేనమామ దగ్గర మేనల్లుడికి చనువు, తండ్రి దగ్గర కొడుక్కి భయం. మా ఊళ్ళో ఏ ఇంట చూసినా ఇంతే. కొడుకుని కూర్చోబెట్టుకుని గ్లాసు పట్టుకుంటే నలుగురూ నవ్వుతారు, మేనల్లుడితో అయితే ముచ్చటపడతారు. ఇదంతా నాకు అప్పుడూ తెలుసు. తెలిసినంత మాత్రాన ఒళ్ళు మండకుండా ఉంటుందా?

కాకినాడలో నాకు ఉద్యోగం వచ్చాక ఒక పంతం పట్టాను. ఆ ముక్కాలిపీట మీద నేనూ కూర్చోవాలి. ఒక్కసారైనా నాన్నగారు గ్లాసు చేత్తో పట్టుకుని నా వైపు తిరిగి "ఒరే, బావుందిరా ఇది" అనాలి. నాకు కావలసింది అంతే. కాకినాడ నుంచి కోటిపల్లి రేవు దాటితే మా ఇల్లు దగ్గర. అయినా పనిగట్టుకుని యానాం మీదుగా చుట్టు తిరిగి వెళ్ళాను, ఎందుకంటే స్కాచి దొరికేది అక్కడ. సీసాని తువ్వాల్లో చుట్టి, సంచిలో బట్టల మధ్య దాచి, ఎదుర్లంక వైపు పంటు మీద గోదావరి దాటుతున్నంతసేపూ దాన్ని చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకున్నాను. అప్పటికి అక్కడ వంతెన లేదు. పక్కన కూర్చున్న పెద్దాయన "గాజుసామానా బాబూ?" అని అడిగితే "ఆయ్, గాజుసామానేనండీ" అన్నాను.

ఇంటికొచ్చి ముందు అమ్మకి చూపించాను. ఆవిడ ముక్కు మూసుకుని, "దేంతో చేస్తారురా దీన్ని?" అంది. "బార్లీతోనమ్మా." "బార్లీయా? జ్వరం వచ్చినవాళ్ళకి కాచి పోస్తాం, అదేనా? మరైతే ఒంటికి మంచిదే" అంది. మా ఇంట్లో స్కాచి పక్షాన మాట్లాడిన మొదటి మనిషి మా అమ్మ. ఆ ధైర్యంతో సాయంత్రం నాన్నగారి చేతికి ఇచ్చాను. ఆయన చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశారు. "ఎందుకురా ఇయ్యన్నీ?" అన్నారు గానీ ముఖం సంతోషంగానే ఉంది. ఆ తరవాత చేసిన పని చూడండి. సీసాని చెవి దగ్గర పెట్టుకుని ఊపారు.

"ఇంకా పచ్చిగా ఉందిరా. నీళ్ళెక్కువున్నాయి. అటక మీద పెడదాం, మాగుతుంది."

"నాన్నగారూ, సీసాలో పోశాక ఇంక మాగదండి. మాగాల్సిందంతా పీపాలోనే మాగుతుంది" అన్నాను.

"నువ్వు పుస్తకంలో చదివేవు. నేను అటక మీద చూసేను" అన్నారు.

కురిడీ కట్టించడంలో ఆయనకి చుట్టుపక్కల ఊళ్ళలో పేరుంది. ఆ మాట మీద ఇంకేం మాట్లాడతాం? నిచ్చెన ఎక్కి కాయల మధ్య సీసా పెట్టారు. పెట్టి ఊరుకున్నారా? "గాలాడకపోతే ఎలా ఇంకుతుందిరా?" అని మూత వదులు చేశారు. నేను కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను, అలవాటు ప్రకారం. నా స్కాచి అటకెక్కింది. తెలుగులో అటకెక్కడమంటే ఏమిటో మీకు వేరే చెప్పక్కర్లేదు. "మంచి కాయల్నే కదరా మీ నాన్న అటకెక్కించేది" అని అమ్మ ఓదార్చబోయింది. నాకు ఆ ఓదార్పు తలకెక్కలేదు.

పుండు మీద కారం చల్లినట్టు ఆ వారంలోనే బావ ఊడిపడ్డాడు. ఈసారి ఓడ అమెరికా వెళ్ళిందట. చేతిలో చదరంగా, పొట్టిగా, కొత్తరకం సీసా. "ఇది స్కాచి కాదు మావయ్యా, బోర్బన్ అంటారు" అన్నాడు వాకిట్లోంచే. "బోర్బనా?" అంది అమ్మ ఆశ్చర్యపోయి. "అది బిస్కెట్టు కదరా సత్తిబాబూ? బిస్కెట్లతో కూడా కాస్తన్నారా?" అందరూ నవ్వారు, నేను తప్ప. ఆ సాయంత్రం నాన్నగారు దాన్ని చెవి దగ్గర పెట్టుకోలేదు. ఊపలేదు. అటక మాటే ఎత్తలేదు. తిన్నగా మూత తీసి గ్లాసులో పోసుకున్నారు. నేను కిటికీ ఊచలు పట్టుకుని చూస్తున్నాను. మొదటి గుక్క వేసుకుని గ్లాసు దించకుండా అలాగే ఉండిపోయారు. బావ "ఎలా ఉంది మావయ్యా?" అన్నాడు. నాన్నగారు అతని వైపు వంగి మెల్లగా ఏదో అన్నారు. ఇద్దరూ ఒక్కసారిగా నవ్వారు. ఆ మాట ఏమిటో నాకు వినబడలేదు.

అదే నాకు పట్టుకుంది. ఎన్ని సీసాలు వచ్చాయో, ఎన్ని సాయంత్రాలు గడిచాయో పట్టించుకోలేదు గానీ, ఆ ఒక్క మాట ఏమై ఉంటుందని పెళ్ళయ్యాక కూడా ఆలోచించాను. నా గురించేనేమో అనుకున్నాను కొన్నాళ్ళు. నా స్కాచిని వెక్కిరించారేమో అనుకున్నాను. బావని అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోయేది. అడగడమా? నేనా? మా నాన్న ఏమన్నాడో నువ్వు చెప్పు అని ఆయన ముందు చెయ్యి చాచడం కంటే తెలియకుండా పోవడమే నయమనిపించింది.

నా సీసా గతి కూడా చెప్పాలి. ఆ మరుసటి ఏడాది కురిడీలు దించినప్పుడు దాన్నీ దించారు. సగానికి తగ్గింది. మూత వదులుగా ఉంటే ఘాటంతా అటక మీద కాయలు తాగేశాయి. నాన్నగారు ఒక చుక్క నాలిక మీద వేసుకుని, నా ముఖం వైపు చూడకుండా, "నీరుగారిపోయిందిరా" అన్నారు. చివరికి దాన్ని మా నానమ్మ మోకాళ్ళకి రాసుకుంది. "నీ మందు బాగా పనిచేసిందిరా నాయనా" అంది పాపం. మా ఇంట్లో నా స్కాచికి దక్కిన మెప్పు అదొక్కటే. ఆ తరవాత నేను మళ్ళీ నాన్నగారికి ఏ సీసా తేలేదు. ఆయన పోయిన తరవాత నాకు నేనే కొనుక్కుని, ఒక్కణ్ణే కూర్చుని తాగడం నేర్చుకున్నాను. అందులో పొగ నాలిక్కి తగిలినప్పుడల్లా కొట్టులో రాజేసిన డొక్కలు గుర్తొచ్చేవి. ఇదే మా నాన్నగారి వాసన, ఇది నాకే తెలుసు, బావకి తెలియదు అని నన్ను నేను సమాధానపరుచుకునేవాణ్ణి.

ఇప్పుడు ఆ కొట్టు లేదు. తెల్లదోమ పట్టి చెట్లు కాపు తగ్గిపోయాయి, దింపు తీసిన కాయ తీసినట్టే లారీ ఎక్కేస్తోంది, కురిడీ కోసం నెలల తరబడి ఆగే ఓపిక మా వైపు తక్కువమందికే మిగిలింది. నేను అమలాపురంలో ఇల్లు కట్టుకుని స్థిరపడ్డాను. సందు మలుపు తిరిగితే మందు షాపు, పగలే వరస కట్టి నిలబడుతున్నారు. మా ఎదురింటాయన కొడుకు తండ్రితో కలిసే డాబా మీద కూర్చుంటాడు. "డాడీ, ఇది ట్రై చెయ్యి, స్మోకీగా ఉంటుంది" అంటాడు. ఆయన తాగి "బావుందిరా" అంటాడు. ఎంత తేలిగ్గా అనేస్తాడో! అది విన్న రోజు నాకు అన్నం సయించదు. అప్పటి రోజులే మంచివని నా ఈడువాళ్ళు అంటూ ఉంటారు. ఈ విషయంలో నేను ఒప్పుకోను. ఇప్పటి పిల్లలకి అడక్కుండానే దొరుకుతున్నది నేను గోదావరి చుట్టు తిరిగి వెళ్ళినా దొరకలేదు.

బావ చీకటి పడకముందే ఆటోలో వచ్చాడు. చిక్కిపోయాడు, చేతికర్ర వచ్చింది. "రండన్నయ్యగారూ, మెట్టు చూసుకోండి" అని మా ఆవిడ ఎదురెళ్ళింది. "బాగున్నావా చెల్లెమ్మా? వేపుడు వాసన..." అని ఏదో అనబోయి ఊరుకున్నాడు. నేను వసారాలో రెండు కుర్చీలు వేయించాను. ఆయన సీసా ఆయన ముందు పెట్టుకున్నాడు, నేను పంతంగా లోపలికి వెళ్ళి నా స్కాచి తెచ్చుకుని నా ముందు పెట్టుకున్నాను. ఎవరిది వాళ్ళం పోసుకున్నాం. ఆయన ఒక గుక్క వేసుకుని గ్లాసు కింద పెట్టేశాడు. ముఖంలో ఏమీ లేదు. వట్టి నీళ్ళు తాగినా ఇంకాస్త తేడా కనబడుతుంది.

"ఎలా ఉంది?" అన్నాను.

"ఏమోరా."

"ఏమో ఏంటి? ఎగేసుకుంటూ మోసుకొచ్చేవు కదా?"

"కరోనా వచ్చి తగ్గింది కదరా నాకు. అప్పట్నించి వాసన లేదు. వస్తది వస్తది అన్నారు, రాలేదు. ఉప్పు తెలుస్తది, కారం తెలుస్తది. ఇది తాగితే మంటొక్కటే తెలుస్తంది" అన్నాడు. గ్లాసు నా వైపు జరిపాడు. "నువ్వు తాగి చెప్పరా. అందుకే తెచ్చేను. ఇదెలా ఉంటదో మర్చిపోతన్నాను."

దాచడమెందుకు, మొదట నాకు సంతోషమే వేసింది. ఇన్నేళ్ళకి ఆయన దగ్గర లేనిది ఒకటి నా దగ్గర ఉంది. నాలిక చివర మాట సిద్ధంగానే ఉంది, "పానకంలా ఉంది బావా" అని. ఆ మాట అనడానికే గ్లాసు ఎత్తాను. ముక్కు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది.

మా అమ్మ కొబ్బరి లౌజు వండిన రోజు వాసన అది. కోరిన కొబ్బరీ బెల్లమూ దగ్గరపడి, ఉండలు కట్టేశాక, గిన్నె అడుగున కాస్త అంటుకుని మాడినది మిగిలేది. దాన్ని గరిటెతో గీకి ఇద్దరికి పెట్టేది, నాన్నగారికీ నాకూ. ఇంట్లో ఇంకెవరికీ ఆ మాడు నచ్చేది కాదు. పొయ్యి పక్కన పీటలు వాల్చుకుని, ఇద్దరం ఒక్క మాటైనా మాట్లాడుకోకుండా తినేవాళ్ళం. ఆయన తన వాటాలోంచి చిన్న ముక్క తుంచి నా చేతిలో పెట్టేవారు. ఇది నేను పూర్తిగా మర్చిపోయాను. ఇన్నేళ్ళ అక్కసులో ఈ పీటలు ఎక్కడ పారేసుకున్నానో నాకే తెలియదు. ఒక గుక్క వేసుకున్నాను. అదే. కొబ్బరి, బెల్లం, అంటుకోబోయి అంటుకున్న ఆ కాస్త చేదు.

"లౌజు గిన్నె అడుగు గీకినట్టుందిరా" అన్నాను. బావని రా అనడం నాకు అలవాటు లేదు. ఎందుకో అలా వచ్చేసింది.

బావ కుర్చీలోంచి ముందుకి వంగాడు. "ఏవన్నావు?"

"లౌజు గిన్నె..."

"ఓరి నీ! మావయ్య ఇదే అన్నేర్రా. మొట్టమొదట నేను బోర్బన్ తెచ్చిన్నాడు. ఇదే మాట, ఒక్క ముక్క తేడా లేదు. గిన్నె అడుగు, మాడు అంటుంటే నా సీసాని వెక్కిరిస్తన్నారనుకున్నాను. నవ్వేసేను. ఆయనా నవ్వేరు. అదేంటో నాకు ఇప్పటికీ తెలీదు. నీకు తెలుసా?"

తెలుసు. నాకు తప్ప ఈ భూమ్మీద ఇంకెవరికీ తెలియదు. జీవితమంతా నేను కుళ్ళుకున్న ఆ మాట బావ చెవిలో చెప్పారు గాని, అది బావకి అందిన మాట కాదు. నాది. కిటికీకి ఇవతల ఉన్నవాడిది. ఆ క్షణాన నేను గెలిచాననే అనుకున్నాను. వేపుడు పళ్ళెం తెచ్చిన మా ఆవిడ నా ముఖం చూసి, పళ్ళెం అక్కడ పెట్టి వెళ్ళిపోయింది.

"మాటే కాదురా," అన్నాడు బావ. కళ్ళు తుడుచుకుంటున్నాడు. "గొంతు కూడా ఆయనదే. ఆ 'గీకినట్టుందిరా' అని సాగదీయడం చూసేవూ, అచ్చం మావయ్యే. ఇన్నాళ్ళూ నువ్వు మీ అమ్మ పోలికనుకున్నాను. ఆయన గొంతు మళ్ళీ వింటాననుకోలేదు. ఒరే బామ్మర్దీ, ఇంకొక్కసారి అనరా."

అన్నాను. అడిగిన ప్రతిసారీ అన్నాను. బావ ముఖం వెలిగిపోతోంది, ఎదురుగా మా నాన్నగారే కూర్చుని ఉన్నట్టు. నేనూ చెవులు రిక్కించుకుని, నా మాట నేనే వినడానికి ప్రయత్నించాను, ఎక్కడైనా ఒక్క ముక్కలో ఆయన తగులుతారేమోనని. బావకి మా నాన్నగారు వినిపిస్తూనే ఉన్నారు. నాకు నా గొంతే వినిపించింది.